పోస్టరు గీస్తూ నేర్చే పౌర విధులు

భారత రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను నిర్దేశిస్తోంది. 1976లో 42వ సవరణ ద్వారా పది విధులు చేరాయి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు విద్యావకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల విధి అంటూ 2002లో 86వ సవరణ పదకొండవదాన్ని జోడించింది. విద్యార్థులు వీటిని వరుసగా కంఠస్థం చేస్తారు. పోస్టరు గీయమన్నప్పుడు ఆ వరుస అక్కరకు రాదు.

ప్రజల ఆస్తిని సంరక్షించాలన్న విధినే తీసుకుందాం. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్లు బొమ్మ గీయలేం. చిరిగిన బస్సు సీటును గీయవచ్చు, పేర్లు చెక్కిన కోటగోడను గీయవచ్చు. ఏది గీయాలో తేల్చుకోవడానికి విద్యార్థిని ముందు తన ఊరిని పరిశీలించాలి. ఎవరిని ఉద్దేశించి చెబుతోందో నిర్ణయించుకోవాలి. దారిన పోయేవారు ఆగకుండానే చదవగలిగేలా మాటలను ఐదారుకు కుదించాలి. అసలు చదువు ఈ కుదింపులోనే ఉంది.

జాతీయ ఓటర్ల దినోత్సవమైన జనవరి 25న, ఇంధన పొదుపు దినోత్సవమైన డిసెంబరు 14న పాఠశాలల్లో చిత్రలేఖన పోటీలు జరగడం పరిపాటి. భూగోళం, దాన్ని మోసే రెండు చేతులు, ఒక మొక్క మాత్రం ఎక్కడ చూసినా కనిపిస్తాయి! నినాదాన్ని ఉపాధ్యాయులే ఇస్తే పిల్లలు రంగులు నింపి ఊరుకుంటారు. బహుమతులిచ్చాక చార్టులను బీరువాలో పెట్టేయడం మరో లోపం. నీటి పొదుపు పోస్టరును కారుతున్న కుళాయి పక్కనే అంటించాలి. నాలుగు రోజులకు పిల్లలే వచ్చి, కుళాయిని ఎప్పుడు బాగుచేయిస్తారని ప్రధానోపాధ్యాయులను అడుగుతారు.