ద్రాక్షతోటల నడుమ పదమూడు చర్చీలు

బాల్కన్ ద్వీపకల్పమున, నేటి కొసావోలోని మెటోహియా మైదానము అంచున, గుట్టల మధ్య ఒదిగిన చిన్న పల్లె వెలికా హోచా. అల్బేనియనులు దానినే హోచా ఎ మాధె యందురు. జనాభా వందలలో లెక్కింపదగినదే యైనను, ఊరిలోను పొలిమేరలలోను కలిపి పదమూడు చర్చీలున్నవని చెప్పుదురు. వానిలో కొన్ని శిథిలములు. కొన్నింట మాత్రము మధ్యయుగములనాటి రాతిగోడల నడుమ నేటికిని ఆరాధన జరుగుచున్నది.

సెర్బియా ప్రభువు స్టెఫాన్ నెమాన్యా 1196లో రాజ్యము విడిచి, సన్యసించి, అథోస్ పర్వతమున హిలాందార్ మఠమును పునరుద్ధరించి, 1198లో దానికి వ్రాసియిచ్చిన దానశాసనమున ఈ పల్లెపేరు కానవచ్చుచున్నది. మన రాజులు దేవాలయములకు మాన్యములిచ్చినట్లే ఆ ప్రభువు పొలములను, తోటలను, వానిని సాగుచేయు కుటుంబములను మఠమునకు ధారపోసెను. కావున ఇచ్చటి దైవభక్తియు ద్రాక్షసేద్యమును ఒకే వేరునుండి పుట్టినవని చెప్పవచ్చును. దెచాని మఠమువారి ద్రాక్షాసవశాల నేటికిని ఈ ఊరిలోనే పనిచేయుచున్నది. అందలి కొయ్యపీపాలు మనిషికి మించిన ఎత్తు.

ఊరి అంచున దిబ్బపై నిలిచిన సెయింట్ జాన్ చర్చి బయటినుండి ఆడంబరమేమియు లేనిది; లోనికి పోయినగాని దాని విలువ తెలియదు. లోన గోడచిత్రములున్నవి. తడి సున్నపుపూత ఆరకమునుపే రంగు వేయుటచే వర్ణము గోడలోనే ఇంకిపోయి, పొగచేతను కాలముచేతను నల్లబడిన యా ముఖములు ఇప్పటికిని మనవైపే చూచుచున్నట్లుండును. ఫిబ్రవరి 14వ తేదీన, ద్రాక్షసాగువారి రక్షకుడైన సెయింట్ ట్రిఫన్ పండుగనాడు, తోటలలో తీగలను కత్తిరించి, మొదళ్లపై ద్రాక్షాసవము పోయుట సెర్బు రైతుల యాచారము. ఏటి సేద్యమున కది శ్రీకారము.

ఈ సాగుబడికి 1998, 1999 సంవత్సరముల కొసావో యుద్ధము గొప్ప దెబ్బ తీసినది. పొరుగున నున్న ఒరాహొవాత్స్ పట్టణ ప్రాంతమున 1998 జూలైలో అపహరింపబడిన సెర్బులలో పలువురి జాడ ఏండ్ల తరువాత అస్థికలరూపముననే తెలిసినది. ఆ ప్రాంతముననే యున్న క్రుషా ఎ మాధె అను అల్బేనియన్ గ్రామమున 1999 మార్చి చివర సెర్బు బలగములు రెండువందలకు పైగా గ్రామస్థులను సంహరించినవి. ఆ యూరి వితంతువులు సహకారసంఘముగా నేర్పడి, కాల్చిన ఎర్రమిరపతో అయ్‌వార్ అను పచ్చడిచేసి అమ్ముచు బిడ్డలను పెంచుకొనిరి. ఒక యూరి దుఃఖమును చెప్పి రెండవ యూరిదానిని విడిచిన చరిత్ర అసత్యమే యగును. 2004 మార్చిలో కొసావోన జరిగిన అల్లర్లలో ప్రిజ్రెన్ పట్టణమందలి ల్యెవిష్కా చర్చి కాలినది; అంతకు ఐదేండ్లముందు జాకొవా పట్టణమందలి హాదుమ్ మసీదు దెబ్బతిన్నది. విధ్వంసమునకు మతభేదము లేదు గాని, దానికి లక్ష్యము మాత్రము ఎల్లప్పుడు పొరుగువాని ప్రార్థనాలయమే యైనది!

2008 ఫిబ్రవరి 17న కొసావో స్వాతంత్ర్యము ప్రకటించుకొనినది. సెర్బియా దాని నంగీకరింపలేదు; భారతదేశము కూడ దానిని గుర్తింపలేదు. అంతర్జాతీయ శాంతిసేనల కాపలాలో యుద్ధానంతర కాలము గడపిన హోచా రైతులకు ఈ తగవు దౌత్యపత్రములలోని విషయము కాదు. తోటకు పోవుదారి విషయము, పంట నమ్ముకొను సంత విషయము. ఊరి వెలుపలి చేలకు పోవుటయే ప్రాణభయమైన యేండ్లను వారు చూచిరి.

కొసావో శాసనసభ 2012లో వెలికా హోచా కొరకే ప్రత్యేకముగ నొక చట్టము చేసినది. రక్షితమండలములలో పరిశ్రమలు కట్టరాదనియు, కట్టడముల ఎత్తును రూపును నియమింపవలెననియు అట్టి చట్టముల యుద్దేశము. ఇది మంచిదే. కాని చిత్రకారుని గోడను కాపాడు శాసనము తోటవానిని కాపాడకున్నచో, చర్చి నిలిచియు ఊరు ఖాళీ కావచ్చును. చదువులకై, జీవనోపాధికై యువకులు వెలుపలికి పోవుచునే యున్నారు. సేద్యము సాగునన్నాళ్లే గుడి తలుపు తీయువారుందురు. కావున హోచా ద్రాక్షాసవము ప్రిజ్రెన్ అంగళ్లకును, క్రుషా అయ్‌వార్ హోచా ఇండ్లకును, కాపలా లేకయే చేరునట్టి యేర్పాటు ఆ చట్టమునకు తోడుగా మొదట జరుగవలసిన పనియని నా నమ్మకము.