ఓటు లేనివారు చేయించిన శాసనము

రేడియోలో వాతావరణ వార్తకు మనవారు చెవియొగ్గునది సాధారణముగా రెండు వేళలయందే: సముద్రములో వాయుగుండము పుట్టినపుడును, రోహిణీ కార్తెలో ఎండలు మండినపుడును. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వడగాలికి వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిన దినములలో ఆ వార్తను ఇంటింటను విన్నారు. భూమి వేడెక్కుచున్నదను సంగతి మనకిపుడు క్రొత్తది కాదు. అయితే దీనికి పూనుకొనవలసిన వారెవరని యెవరైన అడిగినచో, ఢిల్లీ అనియో, ఐక్యరాజ్య సమితి అనియో చెప్పి ఊరకుందుము. వీధి దీపములు వెలిగించి, మురుగు కాలువలు త్రవ్వించి, ఇండ్ల కట్టడమునకు అనుమతులిచ్చు పురపాలక సంఘము మన తలపునకు రానే రాదు. ఆ సంఘమునే తలచి, దాని తలుపు తట్టిన పిల్లల కథ యొకటి పాఠకులకు మనవి చేయుచున్నాము.

అమెరికా దేశపు పడమటి తీరమున ఆరెగన్ అను రాష్ట్రము కలదు. అందు విలామెట్ నది యొడ్డున యూజీన్ అను నగరమున్నది. జనాభా ఒక లక్షా డెబ్బది వేలకు పైబడినది. మన లెక్కకు నడితరపు పట్టణము. విశ్వవిద్యాలయమున్న ఊరగుటచే పుస్తకములకును, వాదోపవాదములకును కొదువ లేదు. విద్యుత్తును కూడ 1911లో ఏర్పడిన పురజనుల సొంత సంస్థయే సరఫరా చేయును. ఆ విద్యుత్తులో అధికభాగము నదుల నీటినుండి పుట్టినది. కావున దీపము వెలిగించినంత మాత్రమున అచట పెద్దగా పొగ పుట్టదు. పొగ పుట్టునది ముఖ్యముగా రెండు చోట్ల: మోటారు బండ్లలో కాలు పెట్రోలు, డీసెలునందు; ఇండ్లను వెచ్చబరచుటకును, నీళ్లు కాచుటకును గొట్టములలో వచ్చు సహజవాయువునందు. ఈ రెండవదానిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. కథ చివర దానితో పని పడును.

2010లో ఆ పురపాలక సంఘము ఒక ప్రణాళిక వ్రాసికొన్నది. 2020 నాటికి సంఘపు భవనములు, బండ్లు, పనులు వీనివలన వాయుమండలమునకు బొగ్గుపులుసు వాయువు భారము లేకుండ చేయవలెననియు, 2030 నాటికి ఊరంతయు కలిసి వాడు బొగ్గు, చమురు, వాయువుల మోతాదు సగమునకు దింపవలెననియు అందులో కలదు. చూడముచ్చటైన మాటలే. కాని అవి కోరికలు మాత్రమే.

ఇచట కొంచెము నిలిచి తీర్మానమునకును శాసనమునకును గల భేదము చెప్పవలసియున్నది. తీర్మానము ఆనాటి సభ్యుల అభిప్రాయమును తెలుపును. సభ్యులు మారినచో అది బీరువాలో నిద్రించును. దానిని చంపినవారెవరని అడుగ వీలు లేదు, ఎవరును చంపలేదు గనుక. శాసనము అట్లు కాదు. అది క్రొత్త సభ్యులను సైతము కట్టివేయును. వలదనుకొన్నచో సభలో నలుగురి యెదుట చేయెత్తి రద్దు చేయవలెను. ఉద్యోగులు దాని అమలును గూర్చి లెక్క చెప్పవలెను. మన యూళ్లలో తీర్మానముల పుస్తకము తిరుగవేసి చూచిన వారికి ఈ భేదము వేరుగ బోధింప నక్కరలేదు.

యూజీన్ పిల్లలు పట్టుకొన్నది సరిగా ఈ కీలకమునే. ఆ యూరనే 2010లో న్యాయవాది జూలియా ఓల్సన్ స్థాపించిన 'అవర్ చిల్డ్రన్స్ ట్రస్టు' అను సంస్థ వారికి తోడుపడినది. వారు పురపాలక సభకు పోయి, పౌరులు మాటాడుటకు కేటాయించిన వేళలో, ఒకరి తరువాత ఒకరు నిలిచి మాటాడిరి. వారిలో అనేకులకు ఓటు వేయు వయస్సు రాలేదు. వారు క్రొత్త వరమేదియు కోరలేదు. "మీరు వ్రాసికొన్న మాటనే శాసనము చేయుడు" అన్నదే వారి కోరిక సారము. తాము వ్రాసిన దానినే కాదనుట పెద్దలకు సులభము కాదు గదా! 2014 జూలైలో ఆ శాసనము వెలువడినది. అమెరికా నగరములలో అట్టివానిలో మొదటిదని దానికి పేరు వచ్చినది.

శాసనములో ఒక అంకె కలదు: 350. గాలిలో పది లక్షల పాళ్లకు బొగ్గుపులుసు వాయువు 350 పాళ్లకు మించరాదని దాని భావము. యంత్రయుగమునకు పూర్వము ఇది 280 ప్రాంతముననుండెను; 1958లో హవాయి దీవిలోని మౌనలోవా కొండపై కొలువ మొదలిడినపుడు 315; నేడు 420 దాటినది. ఈ శతాబ్దాంతమునకు 350కి దిగవలెనన్నచో తమ యూరి వంతు ఎంతయని 2016లో లెక్క వేయగా, ఏటేట 7.6 శాతము చొప్పున తగ్గింపవలెనని తేలినది. అది గూడ శాసనమున చేరినది. నెలకు నూరు రూపాయలు ఖర్చగు ఇల్లు మరుసటి యేడు తొంబదిరెండున్నరకు లోబడి, అటుపై యేడు ఎనుబదియైదున్నరకు లోబడి గడుపుకొనుచు పోయినట్లు. ఇట్లు తొమ్మిదేండ్లు పోయినచో ఖర్చు సగమగును. ఒకటి రెండేండ్లు ఎవరైన చేయుదురు. కష్టము ఆ తరువాతిది.

శాసనములో ఒక మెత్తని చోటు గూడ ఉన్నది. పురపాలక సంఘము తన పొగను పూర్తిగా మాన్పలేకపోయినచో, మిగిలిన దానికి బదులుగా మరియొకచోట పొగ తగ్గించు పనులకు సొమ్మిచ్చి లెక్క సరిచేసికొనవచ్చును. తాను ఉపవాసముండలేక మరియొకరిచేత ఉపవాసము చేయించుటవంటిది ఇది. మాకు ఈ పద్ధతి రుచింపలేదు.

2020 సెప్టెంబరులో ఆ యూరికి తూర్పుననున్న మెకెంజీ నది లోయలో కార్చిచ్చు రేగి పల్లెలను దహించినది. యూజీన్ ప్రజలు త్రాగునది ఆ నది నీరే. దినముల తరబడి ఊరు పొగలో మునిగియుండెను.

ఇక వాయువు సంగతి. 2023 ఫిబ్రవరిలో పురపాలక సభ మూడంతస్తులకు మించని క్రొత్త ఇండ్లకు సహజవాయువు గొట్టములు వేయరాదని నిర్ణయించినది. వెంటనే దానికి ఎదురుగా, ఊరి ఓటర్లే తేల్చవలెనని సంతకముల సేకరణ సాగినది. దానికి ధనము ముఖ్యముగా గ్యాసు వ్యాపారము పక్షమునుండి వచ్చినది. ఇంతలో ఏప్రిలులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరము చేసిన అట్టి నిషేధమునే కేంద్ర అప్పీలు న్యాయస్థానము కొట్టివేసినది. ఇంధన సామగ్రిపై కట్టడి చేయు అధికారము 1975 నాటి కేంద్ర చట్టముదే గాని నగరములది కాదని తీర్పు. జూలైలో యూజీన్ సభ తన నిషేధమును తానే రద్దు చేసికొన్నది.

ఆ యూరి యువతి కెల్సీ జూలియానాయు మరి 20 మంది పిన్నలును 2015లో అమెరికా ప్రభుత్వముపైననే వేసిన దావా గూడ ఫలింపలేదు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించుటతో అది ముగిసినది. పదేండ్ల వ్యాజ్యమున దొరకనిది ఊరి సభలో కొంత దొరకినదన్నమాట. ఊరి సభకు అధికారము గలంత మేరకే దొరకినదన్నదియు నిజమే. మన దేశమున 1992 నాటి రాజ్యాంగ సవరణము పర్యావరణ రక్షణను, పట్టణములలో వనముల పెంపకమును పురపాలక సంఘములకు అప్పగింపదగు పనులలో చేర్చినది. అప్పగించుట మాత్రము ఆయా రాష్ట్రముల చేతిలో నున్నది.

2014లో ఆ సభయెదుట నిలిచిన పదునాలుగేండ్ల బాలికకు, శాసనములోని గడువగు 2030 నాటికి, ముప్పది యేండ్లు నిండును. ఆమె ఆ యూరనే ఇల్లు కట్టుకొన్నచో గొట్టపు వాయువు కావలెనో వలదో ఆమెయే తేల్చుకొనవలెను. సభ ఆ మాట చెప్పజాలదు.