జానెడు షెడ్డులో పాతికేళ్ల తుప్పు

పద్దెనిమిది అడుగుల వెడల్పున్న మోటారు మెకానిక్ షెడ్డును 24వ వంతుకు కుదిస్తే తొమ్మిది అంగుళాలు, అంటే జానెడు అవుతుంది. అందులో నిలబడ్డ మెకానిక్ ఏడు సెంటీమీటర్ల మనిషి. అతని చేతిలోని పానా సెంటీమీటరు. ఇలా కుదించి కట్టిన దృశ్యాన్నే డయోరమా అంటారు. సంక్రాంతి బొమ్మల కొలువులో ఇంటికంటే కోడిపుంజు పెద్దదిగా ఉన్నా ఎవరూ తప్పుపట్టరు. డయోరమాలో మాత్రం నట్టు నుంచి పైకప్పు దాకా అన్నీ ఒకే నిష్పత్తిలో ఉండాలి. 1:24 కార్ల మోడళ్లకు బాగా వాడుకలో ఉన్న నిష్పత్తి. అడుగుకు అర అంగుళం కాబట్టి లెక్క కూడా తేలిక.

అయితే కొలతలన్నీ కుదిరాక కూడా బొమ్మ బొమ్మలాగే కనిపిస్తుంది. దాన్ని షెడ్డుగా నమ్మించేది పాతదనం. ఎండ, వాన, నూనె, మనిషి చెయ్యి కలిసి ఏళ్ల తరబడి చేసే పనిని రంగులతో చేసి చూపడాన్ని మోడలర్లు వెదరింగ్ అంటారు. నా దృష్టిలో దీనికి ఒకటే సూత్రం: ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి.

పైకప్పుతో మొదలుపెడదాం. జింకు పూసిన ముడతల రేకులో ముడతకూ ముడతకూ మధ్య దూరం సుమారు 75 మిల్లీమీటర్లు. మన నమూనాలో అది మూడు మిల్లీమీటర్లకు వస్తుంది. అర మిల్లీమీటరు రేకు మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు దిగుతుంది. అంత పలుచని రేకు వంటింట్లోనే ఉంది. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ మందం దాదాపు అంతే. అట్ట మీద సన్నటి తీగలు వరసగా అంటించి, వాటిపై ఫాయిల్ పరిచి, మొద్దు పుల్లతో నొక్కితే ముడతలు పడతాయి.

ఇక తుప్పు ఎక్కడ వేయాలి? జింకు ఇనుముకంటే చురుకైన లోహం. తేమ తగిలినప్పుడు ముందు తానే ఎలక్ట్రాన్లు వదులుకుని, తాను అరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. అందుకే కొత్త రేకు మొదట మెరుపు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది. జింకు అయిపోయాకే తుప్పు. అదీ తేమ నిలిచే చోట ముందు మొదలవుతుంది: రేకు మీద రేకు ఎక్కిన అతుకుల్లో, మేకు కన్నాల చుట్టూ, చూరు అంచున. అక్కడి నుంచి వాన నీటితో కిందికి జారుతుంది. కప్పంతా గోధుమరంగు చుక్కలు చల్లేస్తే, ఎందుకో చెప్పలేకపోయినా, చూసేవాడి కన్ను ఒప్పుకోదు. మేకు దగ్గర ముదురుగా మొదలై కిందికి పోనుపోను పలచబడే గీత వేయండి. రేకుకు వయసొస్తుంది.

ఆ రంగు కోసం వెతుకులాట అక్కర్లేదు. తుప్పంటే నీటితో కలిసిన ఐరన్ ఆక్సైడ్. కావిరంగు కూడా ఐరన్ ఆక్సైడే. కావిమన్నును మెత్తగా నూరి, గుడ్డలో జల్లించి కుంచెతో అద్దితే, మీరు వేసింది రసాయనికంగా అసలు తుప్పుకు దగ్గరి చుట్టం.

చెక్క ముసలితనం వేరే రకం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలోని లిగ్నిన్‌ను విరగ్గొడతాయి. వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన సెల్యులోజ్ వెండి బూడిదరంగులో తేలుతుంది. కనుక షెడ్డు బయటి తలుపు నెరవాలి, లోపలి బల్ల నూనె తాగి నల్లబడాలి. తలుపు కోసం ఇనప పీచును వెనిగర్‌లో ఒకటి రెండు రోజులు నాననివ్వాలి. చెక్కకు ముందు టీ డికాషన్ పూసి ఆరనిచ్చి, ఈ ద్రవం రాస్తే నిమిషాల్లో నెరుస్తుంది. డికాషన్‌లోని టానిన్, ద్రవంలోని ఇనుము కలిసి ఆ రంగు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత పుట్టేదీ ఈ రసాయనంతోనే: గుడ్డకు కరక్కాయ టానిన్ పట్టించి, ఇనప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రవంతో గీస్తారు. నూనెబల్ల నలుపు కావాలంటే అదే ద్రవం రెండోసారి రాస్తే చాలు.

కొన్ని మాత్రం కుదించినా కుదరవు. అర మిల్లీమీటరు ఇసుక రేణువు ఇక్కడ పన్నెండు మిల్లీమీటర్ల కంకర. బల్ల మీద ఒలికిన నీటి చుక్క తలతన్యత వల్ల ఉబ్బి కూర్చుంటుంది. మూడు మిల్లీమీటర్ల ఆ చుక్క మన మెకానిక్‌కు ఏడు సెంటీమీటర్ల గుండ్రాయి. అందుకే ఒలికిన ఇంజనాయిలును మెరిసే వార్నిష్‌లో చిటికెడు నల్లరంగు కలిపి పలచగా పరుస్తారు.

అన్నిటికంటే మొండిది వెలుతురు. మన గదిలోని నాలుగడుగుల ట్యూబులైటు ఆ ఏడు సెంటీమీటర్ల మనిషికి 96 అడుగుల వెలుగు కడ్డీ. అంత పెద్ద దీపం కింద నీడలు కరిగిపోతాయి, మూలల్లో చీకటి నిలవదు. ఆ చీకటిని మనమే వేయాలి. ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో బాగా పలచన చేసి అద్దితే, కేశనాళికా చర్యతో అది తనంతట తానే సందుల్లోకి పాకుతుంది. కింది పూత అక్రిలిక్ అయి, పూర్తిగా ఆరి ఉంటే టర్పెంటైన్ దాన్ని కరిగించదు. చిన్న వస్తువుకు రంగుల్లో తెలుపు కలిపి వెలిసినట్టు చేయాలని కొందరు మోడలర్లు గట్టిగా చెబుతారు. 1:24కు అది అనవసరమని నా అభిప్రాయం. 30 సెంటీమీటర్ల నుంచి చూడటం అంటే అసలు షెడ్డును ఏడు మీటర్ల నుంచి చూడటం. ఏడు మీటర్ల గాలి రంగును మార్చదు.

ఇనప అల్మారా మీద పెచ్చులూడిన పెయింటుకు హెయిర్‌స్ప్రే కావాలి. తుప్పురంగు పూత, దానిపై హెయిర్‌స్ప్రే, ఆపైన అక్రిలిక్. తర్వాత తడి కుంచెతో రుద్దితే స్ప్రే పొర నీటికి మెత్తబడి పైరంగు పెచ్చులుగా లేస్తుంది. పిడి చుట్టూ, బూటు తగిలే కింది అంచునా రుద్దండి, మిగతా చోట చెయ్యి ఆపండి.

ప్రతి మరకకూ కారణం అన్న ఈ పట్టుదలను అందరికంటే కఠినంగా పాటించిన మనిషి ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ. అనుమానాస్పద మరణాల దర్యాప్తు నేర్పడానికి ఆమె 1940లలో అమెరికాలో 1:12 నిష్పత్తిలో గదులు తయారు చేశారు. బొమ్మలకు మేజోళ్లు గుండుసూదులతో అల్లారు. నెత్తుటి మరక ఎక్కడ ఉంది, ఏ ఆకారంలో ఉందన్నది అక్కడ సాక్ష్యం. బాల్టిమోర్‌లోని మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయంలో ఆ నమూనాలు 18 ఉన్నాయి. వాటితో ఇప్పటికీ దర్యాప్తు అధికారులకు శిక్షణ ఇస్తున్నారు.

మొదలుపెట్టేవారికి రెండు మాటలు. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరవండి, కావిపొడి దగ్గర మాస్కు పెట్టుకోండి. రంగులు కొనేముందు మీ ఊళ్లోని పాత మెకానిక్ షెడ్డుకు వెళ్లి, యజమానిని అడిగి టేపుతో కొలతలు రాసుకోండి, ఫోటోలు తీసుకోండి. ఏ మరక ఎలా పడిందో అతనికంటే బాగా చెప్పగలిగేవారు దొరకరు.