డ్రోన్ల దండుకు కాంతి జవాబు

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రంలో వాహనం మీద అమర్చిన ఒక యంత్రం ఆకాశంలోకి గురిపెట్టింది. అది వదిలింది గుండూ కాదు, క్షిపణీ కాదు. కంటికి కనబడని పరారుణ కిరణం. రెక్కల డ్రోన్‌తో పాటు గుంపుగా వచ్చిన చిన్న డ్రోన్లనూ ఆ కిరణం దెబ్బతీసింది. వాటి నిఘా కెమెరాలు, యాంటెన్నాలు పనికిరాకుండా పోయాయి. ఆ యంత్రమే 30 కిలోవాట్ల మార్క్-2(ఏ) లేజర్ ఆయుధం. ఇలాంటి ఆయుధాన్ని నిరూపించిన అతి కొద్ది దేశాల సరసన భారత్ నిలిచింది.

దీన్ని తయారు చేసింది డీఆర్‌డీవోకే చెందిన ‘చెస్’ ప్రయోగశాల. హైదరాబాద్‌లో మీర్‌పేట్ పక్కనున్న బాలాపూర్ ప్రాంతంలోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ప్రాంగణమే దాని చిరునామా. బెంగళూరు, డెహ్రాడూన్ ప్రయోగశాలలతో పాటు చాంద్రాయణగుట్టలోని డీఎల్‌ఆర్‌ఎల్ ప్రయోగశాల కూడా ఇందులో చెయ్యి వేసింది.

ఇంత శ్రమ ఎందుకంటే, యుద్ధం లెక్క మారిపోయింది. 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ మన మీదికి 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు ప్రయోగించిందని మన ప్రభుత్వం ప్రకటించింది. లక్షల ఖరీదు డ్రోన్‌ను కూల్చడానికి కోట్ల ఖరీదు క్షిపణి వాడుతూ పోతే ఏ ఖజానా అయినా ఖాళీ అవుతుంది. అదే లేజర్‌ను కొన్ని సెకన్లు ప్రయోగించడానికయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోలు ధరకు సమానమని డీఆర్‌డీవో చెబుతోంది.

ఈ ఆయుధం మూలాలు పాతవి. లేజర్‌కు ఆధారమైన సిద్ధాంతాన్ని 1917లో ఐన్‌స్టీన్ చెప్పాడు. 1960 మేలో అమెరికాలో థియోడర్ మైమన్ కెంపు కడ్డీతో తొలి లేజర్‌ను వెలిగించాడు. మరుసటి ఏడే ఎలియాస్ స్నిట్జర్ గాజుపోగులో లేజర్ పుట్టించాడు. సైన్యాలు మాత్రం మొదట రసాయన లేజర్ల వెంట పడ్డాయి. అమెరికా ఏకంగా బోయింగ్ 747లో ఒకదాన్ని బిగించి 2010లో క్షిపణిని కూల్చింది. కానీ దాని బరువు, ఖర్చు మోయలేక మరుసటి ఏడాదే ఆ పథకాన్ని ఆపేసింది. చివరికి దారి చూపింది ఫ్యాక్టరీల్లో ఉక్కు పలకలను కోసే గాజుపోగు లేజరే. 2014లో అమెరికా నౌక పాన్స్ మీద మోహరించిన 30 కిలోవాట్ల ఆయుధం ఆ కోవదే.

పనితీరు చూద్దాం. యిటర్బియం కలిపిన సన్నని గాజుపోగుల్లోకి డయోడ్ల వెలుతురు పంపిస్తే అది బలమైన లేజర్‌గా మారుతుంది. అలాంటి ఎన్నో పోగుల కాంతిని ఒకచోటికి చేర్చి, దర్పణాలున్న దూరదర్శిని గుండా వదులుతారు. 30 కిలోవాట్లంటే ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు పదిహేను ఒక్కసారి వేసినంత శక్తి. అదంతా ఒక చిన్న మచ్చ మీద పడితే డ్రోన్ పైతొడుగు మెత్తబడి, కాలి, చిల్లు పడుతుంది. రాడార్ గానీ కెమెరా గానీ లక్ష్యాన్ని పట్టగానే, కదిలే డ్రోన్ మీద అదే చోట కొన్ని సెకన్లపాటు కిరణం చెదరకుండా నిలపాలి. అసలు ఇంజనీరింగ్ అంతా అక్కడే ఉంది.

పరిమితులూ ఉన్నాయి. వాన, పొగమంచు, దుమ్ము కిరణాన్ని పీల్చేస్తాయి, చెదరగొడతాయి. యంత్రం తీసుకునే కరెంటులో సుమారు మూడో వంతే కాంతి అవుతుంది. మిగతాది వేడి. దాన్ని బయటికి తోడి చల్లబరిచే వ్యవస్థ వాహనంలో చాలా చోటు ఆక్రమిస్తుంది. ఒకసారికి ఒక్క లక్ష్యాన్నే కొట్టగలదు.

అందుకే 2025 ఆగస్టు 23న ఒడిశా తీరంలో లేజర్‌ను రెండు రకాల క్షిపణులతో జతచేసి, ఒకే కమాండ్ కింద పరీక్షించారు. మూడు లక్ష్యాలూ కూలాయి. రేపటి యుద్ధంలో గెలుపు ఏ ఒక్క అద్భుతాయుధానిదీ కాదు. చూసే కన్నును, నిర్ణయించే కంప్యూటర్‌ను, కొట్టే చేతిని క్షణాల్లో కలిపి పనిచేయించగల సైన్యానిదే. ఇబ్రహీంపట్నం, మీర్‌పేట్ ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక మాట: కోడింగ్ ఒక్కటే చదువు కాదు. కాంతిశాస్త్రం, ఉష్ణశాస్త్రం, పదార్థ విజ్ఞానం శ్రద్ధగా నేర్చుకోండి. వాటితో దేశానికి పనికొచ్చే ప్రయోగశాలలు మీ ఊరి పక్కనే ఉన్నాయి.