మీటరు కర్ర, భూమి చుట్టుకొలత

మొన్న శనివారం మా మనవరాలు చిట్టి బడి నుంచి ఓ కాగితం తెచ్చింది. సైన్సు క్లబ్బు, నాటకాలు, రోబోటిక్స్, చెస్సు, తోటపని. ఏదో ఒకదానికి టిక్కు పెట్టి, ఇంట్లో సంతకం చేయించుకుని ఇవ్వాలట. వాళ్ల నాన్న చూసి, "వచ్చే ఏడు పదో తరగతి. ఇప్పుడు ఇవన్నీ ఎందుకమ్మా?" అన్నాడు. అది నా దగ్గరికొచ్చి, "తాతా, క్లబ్బులో చేరితే ఏమొస్తుంది?" అని అడిగింది.

"ఇలా కూర్చో, నీకో కర్ర సంగతి చెబుతా" అన్నాను.

1995లో నేను ఆదిలాబాద్ దగ్గర ఓ హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. దేశమంతటా బాలల సైన్స్ కాంగ్రెస్ మొదలై అప్పటికి రెండేళ్లు. ఆ ఊపులో మేమూ ఓ క్లబ్బు పెట్టుకున్నాం. గది లేదు, బీరువా లేదు. శనివారం చివరి పీరియడు, వేపచెట్టు కింద పదిహేను మంది పిల్లలు, అంతే. ఓసారి వాళ్లకు ఎరటోస్తనీస్ కథ చెప్పాను. 2,200 ఏళ్ల కిందట ఈజిప్టులో రెండు ఊళ్ల మధ్యాహ్నపు నీడలను పోల్చి, భూమి చుట్టుకొలత లెక్కగట్టిన మహానుభావుడు. కథ అయిపోగానే వెనక నుంచి ఒకమ్మాయి లేచి, "మనం చేయలేమా సార్?" అంది.

చేయగలం. చిట్టీ, గుమ్మడికాయ మీద పైన ఒకటి, కొంచెం పక్కకు ఒకటి, రెండు అగ్గిపుల్లలు గుచ్చి ఎండలో పెట్టి చూడు. ఎండ ఒకటే అయినా నీడలు వేరుగా పడతాయి, ఎందుకంటే కాయ గుండ్రం. నీడల్లో తేడా ఎంతో, పుల్లల మధ్య దూరం ఎంతో తెలిస్తే కాయ ఎంత పెద్దదో తెలుస్తుంది.

రెండో పుల్ల గుచ్చడానికి మరో ఊరు కావాలి కదా. అట్లాసు తెరిస్తే ఆదిలాబాద్‌కు ఇంచుమించు సూటిగా దక్షిణాన కడప కనిపించింది. అక్కడ నా పాత మిత్రుడొకాయన మాస్టారు. ఉత్తరం రాస్తే, తమ పిల్లలూ సిద్ధమన్నాడు. సెప్టెంబరు 23న, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున, రెండు చోట్లా మీటరు కర్ర పాతి మిట్టమధ్యాహ్నం నీడ కొలవాలి.

ముందు శనివారం ఊరికే పాతి చూశాం. ఓ కుర్రాడు, తరగతిలో నోరు విప్పని వాడు, దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూసి, "సార్, కర్ర ఒరిగింది" అన్నాడు. వాళ్ల నాన్న తాపీ మేస్త్రీ. ఇంటికి పరుగెత్తి తూకం గుండు తెచ్చాడు. దారం పక్కన పెట్టి చూస్తే కర్ర నిజంగానే వంగి ఉంది. ఆ రోజు నుంచి కర్ర నిలబెట్టే బాధ్యత వాడిదే. మార్కుల జాబితాలో వాడి పేరు ఎప్పుడూ అడుగునే. వాడి కంటికి ఉన్న ఆ విద్య మాకెవరికీ లేదని క్లబ్బులోనే తెలిసింది.

తర్వాత ఇంకో చిక్కు. నీడ కొస మసకమసకగా పడుతుంది. సూర్యుడు చుక్క కాదు, పళ్లెం, అందుకని. అది ఎప్పుడు అన్నిటికన్నా పొట్టిగా ఉందో కంటితో తేల్చడం కష్టం. సగం మంది "పన్నెండు గంటలకే" అన్నారు, సగం మంది కాదన్నారు. నేను మాట్లాడకుండా కూర్చున్నాను. మాస్టారికి అదే అన్నిటికన్నా కష్టమైన పని. చివరికి శుల్బసూత్రాల కాలం నాటి శంకువు ఉపాయం చెప్పాను: కర్ర చుట్టూ వలయం గీయండి, పొద్దున నీడ కొస గీతను తాకిన వేళ, మధ్యాహ్నం మళ్లీ తాకిన వేళ రాసుకోండి, సరిగ్గా నడిమి సమయమే మిట్టమధ్యాహ్నం. సెప్టెంబరు 23న 70 సెంటీమీటర్ల వలయాన్ని నీడ 10 గంటల 10 నిమిషాలకు ఒకసారి, 2 గంటల 6 నిమిషాలకు మరోసారి తాకింది. నడిమి వేళ 12 గంటల 8 నిమిషాలు! గడియారం తప్పా, సూర్యుడు తప్పా అని పెద్ద గొడవ. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది, పడమటికి ఒక్కో డిగ్రీకి సూర్యుడు నాలుగు నిమిషాలు ఆలస్యంగా నెత్తిమీదికొస్తాడు, ఏడాది పొడవునా ఆయన నడక కూడా ఒకే తీరుగా ఉండదు. ఇదంతా అడిగి అడిగి రాబట్టుకున్నారు. పాఠంగా చెబితే ఆవలించే పిల్లలే!

ఆ సాయంత్రం కడపకు ఫోను చేయడానికి ఎస్టీడీ బూతు ముందు అందరం గుమిగూడాం. మా నీడ 36 సెంటీమీటర్లు, కడపవాళ్లది 26. టాన్ పట్టిక చూస్తే కోణాల్లో తేడా 5.2 డిగ్రీలు. రెండు ఊళ్ల మధ్య దూరం బస్సు లెక్కన 700 కిలోమీటర్లు. హెచ్చించి, భాగించి చూస్తే భూమి చుట్టుకొలత 48 వేల కిలోమీటర్లు దాటింది. పుస్తకంలో ఉన్నది 40 వేలు.

పిల్లల ముఖాలు వాడిపోయాయి. "మన నీడే తప్పు" అని ఒకరు, "కడపవాళ్లు సరిగ్గా కొలవలేదు" అని మరొకరు. రికార్డు రాసే అమ్మాయి మాత్రం, అంకెలు కొట్టేయకుండా, పుస్తకం ముందుకు తోసి, "బస్సు సూటిగా పోతుందా?" అంది. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. వెంటనే అట్లాసు, స్కేలు. సూటిగా కొలిస్తే 580 కిలోమీటర్లకు అటూ ఇటూ. మళ్లీ లెక్క వేస్తే 40 వేల చిల్లర వచ్చింది. ఆ అరుపులకు బూతు ఆయన బయటికొచ్చాడు.

ఇప్పుడందరూ భవిష్యత్తుకు కావలసిన నైపుణ్యాలంటున్నారు. నేను చూసినవి మాత్రం ఆ వేపచెట్టు కిందివే. లెక్క తప్పినప్పుడు పక్కవాణ్ణి తిట్టకుండా దారిని అనుమానించడం. ముఖం చూడని కడప పిల్లల అంకెను నమ్మడం, నమ్మకముందు ఎలా కొలిచారని మర్యాదగా అడగడం. తరగతిలో తప్పు జవాబుకు ఎర్రసిరా పడుతుంది, కథ అక్కడితో సరి. క్లబ్బులో తప్పు దగ్గరే పని మొదలవుతుంది. రికార్డు రాసిన అమ్మాయి ఇప్పుడు ఓ ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియను. అంకె అనుమానంగా ఉంటే పరీక్ష మళ్లీ చేయకుండా రిపోర్టు ఇవ్వదట.

2016 నుంచి బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి, సెన్సార్లు, త్రీడీ ప్రింటర్లు వచ్చాయి. చాలా సంతోషం. అయితే పెట్టెలో ముక్కలు, పక్కన బిగించే వరస, చివర ఫొటో, ఇంతే అయితే నాకు బెంగ. క్లబ్బుకు సామాను కన్నా ముందు ఓ ప్రశ్న ఉండాలి. నాటకాల క్లబ్బుదీ అదే దారి. మాటలు మరచిన వాణ్ణి పక్కవాడు అందుకునే ఆ అర నిమిషంలో ఎన్ని నేర్చుకుంటారో!

ఇదంతా విన్నాక వాళ్ల నాన్న నవ్వి సంతకం పెట్టాడు. చిట్టి మాత్రం వెళ్లలేదు. "తాతా, మనం హైదరాబాద్‌లో, అన్నయ్యవాళ్లు విశాఖలో. రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కదా. నీడ పొడవు దాదాపు ఒకటే వస్తుంది. మరి మేం కొలిస్తే ఏం తేలుతుంది?"

నేను జవాబు చెప్పలేదు. డాబా మీద కర్ర ఉంది, గోడకు గడియారం ఉంది. చిట్టి ఇప్పుడు విశాఖకు ఫోను చేస్తోంది.