ఎం.పి.సి. చదివినా జీవకణం మనదే!



పదో తరగతి ఫలితాలు రాగానే మన హాస్టల్లో ఏటా వినిపించే ప్రశ్న ఒకటే. ఎం.పి.సి.యా, బై.పి.సి.యా? ఒకటి తీసుకుంటే రెండోదాని తలుపు జన్మకు మూసుకున్నట్టే అనుకుంటాం. కాదని చెప్పడానికి ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉండరు. డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మనమే. అందుకే ఈ నాలుగు మాటలు.

రాగి సంగటి ముద్ద పళ్లెంలో నిలబడుతుంది, వేలితో నొక్కితే లొంగుతుంది. అది రాయీ కాదు, నీళ్లూ కాదు. పెరుగు, సబ్బు నురగ, టూత్‌పేస్టు కూడా అంతే. భౌతిక శాస్త్రంలో వీటిని మృదు పదార్థాలు అంటారు. ఈ రంగానికి దారి వేసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద జెన్‌కు 1991లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ ఉన్న పొర కూడా మృదు పదార్థమే. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. కొవ్వు అణువుల ఆ పొర ద్రవంలా ఉంటుందని, ప్రోటీన్లు అందులో కదులుతాయని 1972లో సింగర్, నికల్సన్ వివరించారు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. నీళ్లలో వేసిన సిరా చుక్క అంతటా పరుచుకుంటుంది. మరి కణం పొర మీద కొన్ని ప్రోటీన్లు చిన్న చిన్న గుంపులుగా ఎందుకున్నాయి? గుంతకల్లు జంక్షన్లో రైలెక్కితే ఒక్క రాత్రిలో చేరే బెంగళూరులోనే దీనికి జవాబు వెతికారు. రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన సిద్ధాంత భౌతిక శాస్త్రజ్ఞుడు మదన్ రావు, జాతీయ జీవశాస్త్ర కేంద్రంలోని కణ జీవశాస్త్రజ్ఞుడు సత్యజిత్ మేయర్‌తో చేతులు కలిపారు. మేయర్ బృందం సూక్ష్మదర్శినితో చూసింది, రావు బృందం సమీకరణాలు కట్టింది. పొర కింద యాక్టిన్ అనే సన్నని పోగులుంటాయి, వాటిని మయోసిన్ లాగుతుంది. ఏ.టి.పి. శక్తిని ఖర్చు చేస్తూ ఇవే ప్రోటీన్లను గుంపు కడతాయి, మళ్లీ విడదీస్తాయి. ఈ ఫలితాలు 2008, 2012 సంవత్సరాల్లో ‘సెల్’ పత్రికలో వెలువడ్డాయి. తరువాత మదన్ రావు కూడా ఆ జీవశాస్త్ర కేంద్రంలోనే ఆచార్యులయ్యారు.

వెంకీ రామకృష్ణన్ సంగతి చూడండి. 1976లో భౌతిక శాస్త్రంలో పిహెచ్.డి. పొందాక మళ్లీ విద్యార్థిగా కూర్చుని జీవశాస్త్రం చదివారు. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణంపై కృషికి 2009లో నోబెల్ అందుకున్నారు.

మరి మన దారి? ఇంటర్ ఎం.పి.సి., బి.ఎస్సీ., ఆపైన ఎమ్మెస్సీ ఫిజిక్స్. మన అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనే ఆ చదువు ఉంది. తరువాత జెస్ట్, సి.ఎస్.ఐ.ఆర్. నెట్ వంటి పరీక్షలు రాయాలి, ఇంటర్వ్యూలో నెగ్గాలి. పిహెచ్.డి.కి ఐదారేళ్లు పడుతుంది. “ఇంకెన్నాళ్లు రా ఈ చదువు?” అని ఇంట్లో అడుగుతారు. వానను నమ్ముకున్న ఇళ్లు మనవి, అడగడం తప్పు కాదు. వాళ్లకు ఒక లెక్క చెప్పండి. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. సాధిస్తే 2023 నుంచి నెలకు రూ. 37,000 ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం అదనం. ఇంటికీ కొంత పంపవచ్చు.

కాబట్టి తమ్ముళ్లూ, ఎం.పి.సి. తీసుకున్నవాళ్లు పక్క గదిలోని బై.పి.సి. పుస్తకాన్ని అప్పుడప్పుడు అడిగి చదవండి. బై.పి.సి. వాళ్లు లెక్కలంటే భయపడకండి. గ్రూపులు కాలేజీ పెట్టుకున్నవి, కణానికి అవి తెలియవు.