ప్రమాదం జరిగితే.. ఎఫ్‌ఐఆర్‌ మరవొద్దు
రాజీ మాటలు నమ్మితే పరిహారానికి చిక్కులే

కలమల్ల (ఎర్రగుంట్ల): ఆర్టీపీపీ బూడిద లారీలు, సిమెంటు కర్మాగారాల వాహనాలతో కలమల్ల, ఎర్రగుంట్ల, ముద్దనూరు రహదారులు రద్దీగా ఉంటాయి. ఇటువంటి దారుల్లో లారీ వచ్చి కారునో, ద్విచక్ర వాహనాన్నో ఢీకొంటే పెద్దమనుషులు రంగప్రవేశం చేయడం పరిపాటి. ‘కేసెందుకు, వైద్యం ఖర్చులిస్తారు’ అంటూ అక్కడికక్కడే రాజీ కుదురుస్తారు. తీరా ఆసుపత్రి బిల్లు లక్షలకు చేరాక ఆ మాటకు ఆధారమంటూ ఉండదు. బీమా పరిహారానికి వెళితే మొదట అడిగేది ప్రథమ సమాచార నివేదిక. వారాల తర్వాత ఫిర్యాదు చేస్తే అసలు ఆ వాహనమే ఢీకొందా అన్న సందేహాన్ని కంపెనీలు లేవనెత్తుతాయి.

ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు
క్షతగాత్రుడే స్టేషన్‌కు రానక్కర్లేదు. బంధువులు, ప్రత్యక్ష సాక్షులు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. తేదీ, సమయం, స్థలం, వాహనం నంబరు తప్పక రాయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌ ప్రకారం పరిధి తమది కాదని పోలీసులు తిప్పి పంపరాదు. కలమల్ల వద్ద ప్రమాదం జరిగినా ప్రొద్దుటూరులో ‘జీరో ఎఫ్‌ఐఆర్‌’ నమోదు చేయించుకోవచ్చు. ఫిర్యాదుదారుకు ఎఫ్‌ఐఆర్‌ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే ఎస్పీకి తపాలాలో ఫిర్యాదు పంపాలి. అక్కడా ఫలితం లేకుంటే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

ఆసుపత్రిలో జాగ్రత్త
ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలోనో, కడప సర్వజన ఆసుపత్రిలోనో చేర్చేటప్పుడు రోడ్డు ప్రమాదమని స్పష్టంగా చెప్పాలి. అప్పుడే మెడికో లీగల్‌ కేసుగా నమోదై పోలీసులకు సమాచారం అందుతుంది. కేసు భయంతో ‘జారి పడ్డాడు’ అని రాయిస్తే ఆ ఒక్క మాటే తర్వాత పరిహారానికి అడ్డుపడుతుంది.

48 గంటలు.. 90 రోజులు
2022 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను క్లెయిముల ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక సమర్పించాలి. వీటి ప్రతులు బాధితులకూ ఇవ్వాలి. పోలీసులు పంపిన నివేదికనే ట్రిబ్యునల్‌ పరిహార దరఖాస్తుగా స్వీకరిస్తుంది.

బాధితులు విడిగా దరఖాస్తు చేయాలంటే చట్టం ఆరు నెలల గడువు విధించింది. గడువు దాటిందన్న కారణంతో దరఖాస్తులను తిరస్కరించవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. అది తుది తీర్పు కానందున ఆరు నెలల్లోపే దాఖలు చేసుకోవడం శ్రేయస్కరం. ప్రమాద స్థలం ఎక్కడైనా, తాము నివసించే ప్రాంత పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు చేసుకునే వీలుంది. ఎఫ్‌ఐఆర్‌తోపాటు గాయాల ధ్రువపత్రం, పంచనామా, మోటారు వాహనాల తనిఖీ అధికారి నివేదిక, అభియోగపత్రం ప్రతులను భద్రపరచుకోవాలి. మరణించిన కేసుల్లో శవపరీక్ష నివేదిక కూడా అవసరం.